54 మార్కుల నుంచి 35 వేల క్యూసెక్కుల దాకా

నా మొదటి వ్యాసానికి 54 మార్కులు వచ్చాయి.

ఇంటర్మీడియట్ పిల్లలకు పదకొండేళ్లుగా సివిక్స్ చెబుతున్నాను. ఎన్ని వేల పేపర్లు దిద్ది ఉంటానో లెక్క లేదు. 54 అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. పిల్లవాణ్ని పక్కకు పిలిచి "ఇంట్లో ఏమైనా ఇబ్బందా నాన్నా?" అని అడగవలసిన మార్కులు. బ్రిటన్ పీజీలో 50 వస్తే పాస్ అనీ, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్ అనీ, 54తో కొంప మునగదనీ తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం ల్యాప్‌టాప్ మూసేసి, "ఎన్ని వచ్చాయి?" అని అడిగిన మా వారితో "ఇంకా ఇవ్వలేదు" అన్నాను. నీతిశాస్త్రం చదవడం మొదలుపెట్టాక నేనాడిన మొదటి అబద్ధం అది.

మార్కుల కింద రెండే మాటలు రాసి ఉన్నాయి. ఎవరెవరు ఏమన్నారో చక్కగా చెప్పారు, మీరేమంటారు? అని.

నేను చదివింది అంతర్జాతీయ వ్యవహారాలలో నీతి, రాజనీతి సిద్ధాంతం. పేరు వినగానే మా స్టాఫ్‌రూమ్‌లో ఎకనామిక్స్ మాస్టారు "ఆ రెండూ ఒకచోట ఎక్కడ ఉంటాయమ్మా?" అని నవ్వారు. బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం వారు ఉద్యోగస్తుల కోసం పెట్టిన ఆన్‌లైన్ కోర్సు అది. విజయవాడ సత్యనారాయణపురంలో, మా వంటింటి పక్క గదిలో కూర్చుని రెండున్నరేళ్లు చదివాను. ఎలా సాగిందని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ఇదంతా 2022 మార్చిలో మొదలైంది. ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతూ, యుద్ధం రావడంతో ఆపరేషన్ గంగ విమానంలో తిరిగి వచ్చిన మా పాత విద్యార్థి ఒకడు స్వీట్ల డబ్బా పట్టుకుని కాలేజీకి వచ్చాడు. సరిగ్గా ఆ నెల 2వ తేదీనే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో రష్యాను తప్పుపట్టే తీర్మానం మీద ఓటింగు జరిగింది. 141 దేశాలు అనుకూలం, 5 వ్యతిరేకం, 35 దూరం. ఆ 35లో మనమూ ఉన్నాం. "మన దేశం చేసింది ఒప్పా, తప్పా మేడమ్?" అని అడిగాడు. "జాతీయ ప్రయోజనాలు ఉంటాయి కదా నాన్నా" అన్నాను. "అది కారణం మేడమ్. నేను ఒప్పా తప్పా అని అడిగాను" అన్నాడు. ఎనిమిది రోజులు నేలమాళిగలో తలదాచుకుని వచ్చిన పిల్లవాడు. స్వేచ్ఛ, సమానత్వం, న్యాయం అనే పాఠాలు ఏటా జూన్‌లో మొదలుపెట్టి ఫిబ్రవరికల్లా పూర్తిచేసే నాకు ఆ పూట ఒక్క మాట కూడా తోచలేదు.

దరఖాస్తు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, అందులో చదువు ఏమీ లేదు కాబట్టి. నేను ఎం.ఏ. చేసిన విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టు తెచ్చుకోవడానికి రెండు నెలల్లో ఐదుసార్లు తిరిగాను. ఒకసారి సంతకం పెట్టేవారు సెలవు. ఇంకోసారి ఆయన ఉన్నారు, సీలు ఉన్న బీరువా తాళం లేదు. సిఫారసు ఉత్తరం అడిగితే మా పాత ప్రొఫెసర్ ఎంతో ఆప్యాయంగా "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారు. నా గురించి నేనే ప్రథమ పురుషలో పొగుడుకుంటూ ఒక పేజీ రాయడం కంటే ఐఈఎల్‌టీఎస్ తేలిక. ఎందుకు చేరాలనుకుంటున్నారో రాయమన్న వ్యాసాన్ని "చిన్ననాటి నుంచీ ప్రపంచ శాంతి పట్ల" అని మొదలుపెట్టి, నాకే నవ్వొచ్చి కొట్టేశాను. మూడోసారి ఆ పిల్లవాడి ప్రశ్న, నేను చెప్పలేకపోయిన జవాబు, ఆ రెండే రాశాను. సీటు వచ్చింది. ఫీజు విడతలుగా కట్టవచ్చన్నారు కాబట్టి కట్టగలిగాను. మొత్తం కలిపితే నా ఏడాది జీతం పైమాటే. గాజులు రెండుసార్లు బ్యాంకుకు వెళ్లి వచ్చాయి.

మొత్తం 180 క్రెడిట్లు. ఇరవయ్యేసి క్రెడిట్ల పేపర్లు ఆరు, 60 క్రెడిట్ల డిసర్టేషన్, అంటే చివరి పరిశోధన వ్యాసం, ఒకటి. వారానికి ఒక సెమినార్, వాళ్ల లెక్కలో సాయంత్రం ఐదింటికి, మనకు రాత్రి తొమ్మిదిన్నరకు. అక్టోబరు ఆఖరి ఆదివారం నాడు బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారని నాకెవరూ చెప్పలేదు. మర్నాడు అన్నం త్వరగా ముగించి, పాపను పడుకోబెట్టి, తొమ్మిదిన్నరకు కూర్చుంటే తెర మీద ఎవరూ లేరు. వైఫై పెట్టె ఆపి ఆన్ చేశాను, మళ్లీ ఆపి ఆన్ చేశాను. పదిన్నరకు ఒక్కొక్కరే తీరిగ్గా వచ్చారు. అప్పటి నుంచి మార్చి ఆఖరు దాకా నా క్లాసులన్నీ పదిన్నరకే. పన్నెండున్నరకు పడుకుని మర్నాడు తొమ్మిదింటికి ప్రాథమిక హక్కుల పాఠం చెప్పడం ఎలా ఉంటుందో మా ఫస్టియర్ పిల్లలను అడగండి.

చదవడానికి వారానికి డెబ్భై ఎనభై పేజీలు ఇచ్చేవారు. మొదట్లో ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులోనే నోట్సు రాసుకున్నాను. అన్నీ అర్థమైనట్టే ఉండేవి, మర్నాటికి ఏమీ మిగిలేది కాదు. రెండో నెల నుంచి నోట్సు తెలుగులోకి మార్చాను. అక్కడ పెన్ను ఆగినచోటల్లా నాకు విషయం అర్థం కాలేదని తెలిసిపోయేది. అంతర్జాతీయ రాజకీయాల్లో అన్నిటికంటే ముందు వచ్చే మాట దేశాల మీద పెత్తనం చేసే అధికారం ఏదీ లేకపోవడం. దాన్ని తెలుగులో "అరాచకం" అని రాసి, ఇదేమిటి, దొమ్మీలా ఉందే అనుకుని ఆగాను. విడదీసి చూస్తే మాట సరిగ్గా సరిపోయింది. దాని అసలు రూపం అరాజకం, అంటే రాజు లేకపోవడమే. దొమ్మీ అన్న అర్థం తర్వాత ఎక్కించుకున్నది. రాజు లేనిచోట పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని మన పాత గ్రంథాలు మత్స్యన్యాయం అన్నాయి. రాజు లేకపోయినా మింగకుండా ఉండవలసిన బాధ్యత పెద్ద చేపకు ఉందా అన్నది ఈ కోర్సు మొత్తం ప్రశ్న.

లేదన్నవారితోనే మొదలుపెట్టారు. క్రీస్తుపూర్వం 416లో మీలోస్ అనే చిన్న దీవి మీదికి ఏథెన్స్ సైన్యం వెళ్లి, న్యాయం గురించి సమానుల మధ్యనే మాట్లాడుకోవాలి, మిగతాచోట బలం ఉన్నవాడు చేయగలిగింది చేస్తాడు, లేనివాడు పడతాడు అని ముఖాన చెప్పిన ఘట్టం. మా అమ్మ పక్కన మినపప్పు బాగుచేస్తూ విని "కర్ర ఉన్నవాడిదే బర్రె అని అంత పొడుగ్గా చెప్పాలా?" అంది. ఆ తర్వాత 1795లో శాశ్వత శాంతి మీద జర్మన్ తత్వవేత్త కాంట్ రాసిన చిన్న పుస్తకం. దాంతో నాకు మూడు వారాలు పట్టింది, ఇప్పటికీ సగమే పట్టుబడింది.

మన కౌటిల్యుడికి ఒక వారం ఇచ్చారు. అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి చిక్కడం, 1909లో అచ్చు కావడం, 1919లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ దీని ముందు, కుటిల రాజనీతికి పేరుపడ్డ ఇటలీ రచయిత మాకియవెల్లి అమాయకుడని అనడం. అంతే, వారం అయిపోయింది. భారతదేశం అంటే నిర్దయ, యూరప్ అంటే నీతి అన్నట్టుగా సాగిన ఆ వారం నాకు ఒళ్లు మండింది. యుద్ధనీతి పేపరుకు వ్యాసం రాయమన్నప్పుడు తిక్కన భారతం తీశాను.

అమెరికన్ తత్వవేత్త మైఖేల్ వాల్జర్ యుద్ధనీతి మీద 1977లో రాసిన పుస్తకం ఈ రంగంలో అందరికీ మొదటి మెట్టు. యుద్ధానికి దిగడం న్యాయమా అన్నది ఒక ప్రశ్న, దిగాక చేసేది న్యాయమా అన్నది వేరే ప్రశ్న, ఒకదానికి జవాబు రెండోదానికి చెల్లదు అంటాడు. కురుక్షేత్రంలో యుద్ధానికి ముందు రెండు పక్షాలూ కూర్చుని నియమాలు పెట్టుకున్నాయి. ఆయుధం వదిలినవాణ్ని, వెన్ను చూపినవాణ్ని కొట్టకూడదు, రథికుడితో రథికుడే పోరాడాలి. ఆ తర్వాత భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, తొడ విరిగిన దుర్యోధనుడు, నిద్రలో చచ్చిన ఉపపాండవులు. ఒక్కొక్క నియమం ఒక్కొక్క శవంతో పోయింది. పాండవులు మొదటి ప్రశ్నలో నెగ్గి రెండో ప్రశ్నలో ఓడారని రాశాను. ఇక్కడొక ముచ్చట చెప్పకుండా ఉండలేను. తిక్కన తన తాత మంత్రి భాస్కరుణ్ని "గుంటూరి విభుడు" అని నిర్వచనోత్తర రామాయణంలో చెప్పుకున్నాడు. తిక్కన తానే నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. ఆ రాజు పక్షాన ఓరుగల్లుకు, గణపతిదేవుడి దగ్గరికి వెళ్లి వచ్చాడని చెబుతారు. రాయబారం వెళ్లినవాడు రాసిన రాయబారం మనకు ఉంది. మా గుంటూరు జిల్లా ఊళ్లలో ఆ ఘట్టం పద్యాలకు తెల్లవారుజామున కూడా వన్స్‌మోర్లు పడేవి.

సెమినార్‌లో ఐదూళ్ల సంగతి చెప్పాను. రాజ్యమంతా వద్దు, ఐదూళ్లు ఇస్తే చాలని అడిగారనీ, సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడనీ. కెన్యా నుంచి చదివే మాజీ సైనికాధికారి ఒకాయన చాలాసేపు ఆలోచించి "ఐదూళ్లు ఇచ్చి ఉంటే న్యాయం జరిగినట్టా, గొడవ ఆగినట్టా?" అని అడిగారు. చిన్నప్పటి నుంచి విన్న కథ. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. దుర్యోధనుణ్ని తిట్టుకునే హడావిడిలో, పాండవులు అంత తక్కువకు దిగడం ధర్మమేనా అని ఎవరైనా అడగడం వినలేదు. ఆ వ్యాసానికి 63 వచ్చాయి. అబద్ధం చెప్పలేదు.

54 నుంచి 63కు ఎలా వెళ్లానో చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చదివినవాళ్లు అందరూ అక్కడే పడతారు. మనం వ్యాసం అంటే ఉపోద్ఘాతం, సైడ్ హెడింగులు, ముగింపు అని నేర్చుకున్నాం. నేనైతే నేర్పించాను కూడా. ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు, మొత్తం మీద అందరూ గొప్పవారే. అక్కడ దాన్ని వ్యాసం అనరు, జాబితా అంటారు. మొదటి పేరాలోనే నేను ఫలానాది నిజమంటున్నాను అని చెప్పాలి. ఆ తర్వాత దాన్ని ఎవరు ఎలా కొట్టేస్తారో, మనకు అనుకూలంగా పలచబరచకుండా, వాళ్లకంటే గట్టిగా మనమే చెప్పాలి. చెప్పి, నిలబడగలిగితే నిలబడాలి. నాకు కష్టమైనది ఇంగ్లీషు కాదు. పెద్దవారి మాటకు ఎదురు చెప్పడం. న్యాయం మీద ఈ కాలపు పెద్ద తత్వవేత్త జాన్ రాల్స్ గురించి "రాల్స్ ఇక్కడ పొరబడ్డారు" అని రాసి, రెండుసార్లు చెరిపి, మూడోసారి కళ్లు మూసుకుని పంపించాను.

రెండో ఏడాది పేపరు ప్రపంచ న్యాయం. అందులో మొదటి పాఠం ఆస్ట్రేలియా తత్వవేత్త పీటర్ సింగర్ 1971 నవంబరులో రాసి, 1972లో అచ్చు వేసిన వ్యాసం. నడిచి వెళుతుంటే చెరువులో పసివాడు మునుగుతున్నాడు. దిగితే మీ బట్టలు బురదవుతాయి. దిగరా? దిగుతారు కదా, మరి దూరాన ఉన్నవాడు చస్తుంటే ఎందుకు దిగరు? ఆయన ఈ మాట అడిగింది తూర్పు బెంగాల్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి అప్పుడు భారతదేశానికి వచ్చిపడుతున్న శరణార్థుల గురించి. మేమంతా ఆ పసివాణ్ని పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నాం. దూరం లెక్కలోకి వస్తుందా, చెరువు దగ్గర పదిమంది ఉంటే నా వాటా ఎంత, ఇది దానమా, బాకీనా. చివర్లో బంగ్లాదేశ్‌లోని రాజశాహీ నుంచి చదివే అమ్మాయి మైకు తెరిచింది. "ఈ వ్యాసం రాసే రోజుల్లో మా అమ్మమ్మ ముర్షిదాబాద్‌లో శిబిరంలో ఉంది. చెరువులో ఉన్నది ఆవిడే" అంది. ఇరవై మందిమి ఉన్నాం. ఎవరి మైకూ తెరుచుకోలేదు.

ఆ అమ్మాయి వల్లనే నా డిసర్టేషన్ విషయం దొరికింది. దొరకడం అంటే, ఆ అమ్మాయి ముందు నేను తప్పు మాట్లాడి దొరికిపోయాను.

నీళ్ల పాఠం వచ్చింది, 2023 నవంబరులో. రాజశాహీ పద్మ నది ఒడ్డున ఉంటుంది. పద్మ అంటే మన గంగే. సరిహద్దుకు ఎగువన, మన వైపు, ఫరక్కా బ్యారేజీ 1975 నుంచి ఉంది. కోల్‌కతా రేవు పూడిపోకుండా హుగ్లీకి నీళ్లు మళ్లించడానికి కట్టినది. ఎండాకాలం వాళ్ల ఊరి దగ్గర నదిలో ఇసుకే ఉంటుందని ఆ అమ్మాయి మామూలుగానే చెప్పింది, కోపం కూడా లేదు. నాకెందుకో రోషం వచ్చింది. "మా అవసరాలు మాకుంటాయి కదా. మా భూభాగంలో పారే నీళ్లు మాకు సరిపోయాక మిగిలిందే కదా కిందికి వదలగలం" అన్నాను.

అనేసి, నా గొంతు నాకే వినబడింది. ఈ మాట నేను వందసార్లు విన్నాను, కాకపోతే తెలుగులో, మరొకరి నోట. మా పెదనాన్నగారి పొలం చీరాల వైపు, కొమ్మమూరు కాలువ చివరి ఆయకట్టులో ఉంది. నాట్ల రోజుల్లో ఆయన ఎగువ ఊళ్లకు వెళ్లి బతిమాలుకుని వచ్చేవారు. వాళ్లు చెప్పేది ఇదే. "మా చేను తడవనివ్వండి, మిగిలింది మీకు కాక ఎవరికి?" నా చిన్నతనమంతా ఆ మాటను తిట్టుకుంటూ గడిచింది. నేను కాలువ చివరి మనిషిననే అనుకుంటూ పెరిగాను. నది మారేసరికి కాలువ మొదట్లో నిలబడి మాట్లాడుతున్నాను.

ఈ వాదనకు పేరు కూడా ఉంది. 1895లో రియో గ్రాండే నీళ్ల మీద మెక్సికో ఫిర్యాదు చేస్తే, అమెరికా అటార్నీ జనరల్ హార్మన్, మా భూమి మీద నీళ్ల మీద మాకు పూర్తి హక్కు, మీకు మేమేమీ బాకీ లేము అని చెప్పాడు. విచిత్రం ఏమిటంటే 1906లో అదే అమెరికా ఏడాదికి 60 వేల ఎకరా అడుగుల నీళ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అయితే ఇది మీ హక్కు అని మేము ఒప్పుకున్నట్టు కాదని ఒప్పందంలోనే రాసుకుంది. నీళ్లు ఇస్తాం గానీ బాకీ అనము. సింగర్ పాఠంలో మేము కొట్టుకున్నది సరిగ్గా ఈ తేడా మీదనే.

డిసర్టేషన్ పని 2024 జూన్‌లో మొదలైంది. 15 వేల మాటలు. దిగువవారికి ఎగువవారు ఏమి బాకీ అన్నది నా ప్రశ్న. మా గైడ్ మొదటి ముసాయిదా చూసి, కాలువకూ అంతర్జాతీయ నదికీ మీరు పెట్టిన పోలిక బాగుంది, అది ఎక్కడ తెగుతుందో చెప్పండి అన్నారు. చెప్పలేక, జూలై ఆఖరులో పెదనాన్న దగ్గరికి వెళ్లాను.

ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. నన్ను టీవీఎస్ బండి వెనక కూర్చోబెట్టుకుని కాలువ గట్టు మీద ఎగువకు తీసుకెళ్లారు. కాలువకు నీళ్లు వదిలి రోజులు గడిచాయి, చివరికి చేరలేదు. గట్టు వెంట ఆయిల్ ఇంజన్లు, వాటి పైపులు కాలువలోకి. ఆయన దారి పొడవునా లెక్కపెడుతూనే ఉన్నారు, "పదకొండు, పన్నెండు" అని. ఒకచోట గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే దాని మీద కొంగ నడుస్తోంది. ఇంతదూరం కాలువను చూసుకోవడానికి ఒకే లస్కర్ అట. "నీరు పల్లమెరుగు అంటారు. ఇంజను ఉన్నచోట మెరక కూడా ఎరుగు" అన్నారు. పట్టిసీమ మీదుగా గోదావరి నీళ్లు వచ్చాక కొంత నయమని కూడా ఆయనే చెప్పారు, న్యాయంగా.

తూము దగ్గర బండి ఆపి కూర్చున్నాం. 1996 నాటి గంగా జలాల ఒప్పందం గురించి చెప్పాను. 30 ఏళ్ల ఒప్పందం. జనవరి నుంచి మే దాకా పదేసి రోజుల లెక్క. ఫరక్కా దగ్గర 70 వేల క్యూసెక్కులు, అంతకు తక్కువ ఉంటే చెరిసగం. బాగా కరువు రోజులు, అంటే మార్చి 11 నుంచి మే 10 దాకా, ఒక పది రోజులు బంగ్లాదేశ్‌కు 35 వేల క్యూసెక్కుల హామీ, మరో పది రోజులు మనకు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇది వంతే కదమ్మాయ్! మన కాలువ మీద పెట్టుకునే వంతే!" అన్నారు. కాసేపాగి, "వంతు తప్పితే వాళ్లకు ఈఈ గారు ఎవరు?" అన్నారు.

పోలిక తెగేది అక్కడే. కాంట్ దగ్గర మూడు వారాలు తిరిగి నేను పట్టుకోలేనిది, తూము మీద కూర్చున్న మనిషి పట్టుకున్నాడు. మా కాలువ మీద ఎంత అన్యాయం జరిగినా చెప్పుకోవడానికి ఒక ఈఈ, అంటే ఇరిగేషన్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఉన్నాడు, కలెక్టరు ఉన్నాడు, ధర్నా చేయడానికి ఒక గేటు ఉంది. రెండు దేశాల మధ్య అది లేదు. ఈఈ లేనిచోట బాకీ కూడా లేనట్టేనా? లేనట్టు కాదని రెండో అధ్యాయం రాశాను. ఒకే నీటి మీద ఇద్దరూ బతుకుతూ, ఒకడి చేతిలో షట్టర్ ఉంటే, ఆ షట్టరే బాకీని పుట్టిస్తుంది. ప్రభుత్వం ఉమ్మడిగా ఉందా లేదా అన్నది వసూలుకు సంబంధించిన విషయం, బాకీకి కాదు. ఎగువవాడు చెప్పే కారణం తాను దిగువకు మారినా ఒప్పుకోగలిగేదిగా ఉండాలి. ఇది రాసి చాలా మురిసిపోయాను.

ఆ మురిపెం స్టాఫ్‌రూమ్‌లోనే దిగింది. మా హిస్టరీ మేడమ్‌ది అనంతపురం. అంతా విని ఆవిడ అన్నారు, "మీ పెదనాన్నగారికి చివరి నీళ్లు రాలేదని బాధ. మా తాతకు ఆ బాధపడే అదృష్టం కూడా లేదు. మాకు కాలువే లేదు." 1855 నాటికే ఆనకట్ట కట్టించుకుని, ఆ వాడుకనే హక్కుగా మార్చుకున్నది మా కృష్ణా డెల్టా. కృష్ణా నీళ్లు రాష్ట్రాలకు పంచడానికి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ కూడా 1960 సెప్టెంబరు నాటికి ఉన్న వాడుకలకు మొదటి పీట వేసింది. డెల్టాకు 181.2 టీఎంసీలు అలా నిలిచాయి. ముందు వచ్చినవాడిదే హక్కు అన్న ఆ సూత్రం మీద నేను పుట్టక ముందు నుంచీ మా ఇంట్లో అన్నం ఉడుకుతోంది. మా పెదనాన్న చివరివాడే, కానీ వరుసలో ఉన్నాడు. వరుసలోనే లేనివాళ్ల సంగతి నా 9 వేల మాటల్లో ఒక్కచోట లేదు. మూడో అధ్యాయం మొత్తం తీసేసి మళ్లీ రాశాను. వారం రోజులు ఆవిడ మీద కోపంగా ఉంది, తర్వాత అంకితం రాసేటప్పుడు మొదట ఆవిడ పేరే రాశాను.

ఆగస్టులో బంగ్లాదేశ్ తూర్పు జిల్లాలు వరదలో మునిగాయి. త్రిపురలో మనవాళ్లు డ్యామ్ గేట్లు ఎత్తారని అక్కడ ఆందోళనలు, డ్యామ్‌కు దిగువన పడ్డ వానలే కారణమని మన ప్రభుత్వం వివరణ. రాజశాహీ అమ్మాయి సందేశం పెట్టింది. ఏమి జవాబివ్వాలో తోచక ఊరుకున్నాను. పది రోజులు తిరగకుండా బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది, ఎప్పుడూ ఎరగనంత. సింగ్‌నగర్‌లో ఉండే మా కెమిస్ట్రీ మాస్టారి కుటుంబం ఆరుగురు మా ఇంట్లో వారం ఉన్నారు. వాళ్ల అమ్మగారు రోజుకు పదిసార్లు ఒకటే మాట. "ఒక్క గంట ముందు చెబితే బీరువాలో కాగితాలైనా తీసుకునేవాళ్లం కదా?" ఆ రాత్రి రాజశాహీ అమ్మాయికి జవాబు రాశాను. జవాబు అంటే క్షమాపణ కాదు, మా ఇంట్లో పడుకున్న ఆరుగురి సంగతి రాశాను.

1997లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ నదుల ఒప్పందం తెచ్చింది. న్యాయమైన, సహేతుకమైన వాడకం, పొరుగువాడికి పెద్ద హాని చేయకపోవడం, ప్రమాదం ముంచుకొస్తే ఆలస్యం లేకుండా చెప్పడం. 103 దేశాలు ఔనన్నాయి, మూడు కాదన్నాయి, 27 దూరంగా ఉన్నాయి. ఆ 27లో మనం ఉన్నాం. అదే 1997లో మన రాష్ట్రం నీటి సంఘాల చట్టం తెచ్చి, కాలువ చివరి రైతుకు కూడా సంఘంలో ఓటు ఇచ్చింది. పెదనాన్న ఒక విడత ఆ సంఘానికి అధ్యక్షుడు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాశాను. నా డిసర్టేషన్‌లో నాకు నచ్చిన పేజీ అదొక్కటే.

2025 మార్చిలో సమర్పించాను. జూన్‌లో 68 వచ్చాయి. ఉక్రెయిన్ పిల్లవాడు ఇప్పుడు వేరే దేశంలో చదువు పూర్తిచేస్తున్నాడు. వాడికి ఫోన్ చేసి, మూడేళ్ల ఆలస్యంగా, తప్పే అన్నాను. కారణం ఉంటే సరిపోదు, ఆ కారణాన్ని నేలమాళిగలో ఉన్నవాడి ముఖం చూసి చెప్పగలగాలి, మనం చెప్పలేకపోయాం అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "రెండు వైపులా మాట్లాడగలిగాం కాబట్టే మమ్మల్ని బయటికి తీసుకురాగలిగారు మేడమ్" అన్నాడు. ఈసారి ఇద్దరం నలభై నిమిషాలు వాదించుకున్నాం.

ఫలితాలకు ముందు, ఏప్రిల్‌లో, పెదనాన్న కంటి ఆపరేషన్‌కు విజయవాడ వచ్చి మా ఇంట్లో ఉన్నారు. రాజశాహీ అమ్మాయి ఆ రోజే ఒక ఫొటో పంపింది. పద్మలో ఇసుక, కంటికి ఆనినంత మేర ఇసుక, మధ్యలో ఇద్దరు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఆపరేషన్ కాని కంటి దగ్గరికి తెచ్చుకుని చూశారు.

"ఆ అమ్మాయి వాళ్ల ఊరా?"

"అవును పెదనాన్నా."

"ఇవాళ ఎన్నో తారీఖు?"

"ఏప్రిల్ 14."

వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "అయితే ఈ పది రోజులు ఎవరి వంతు?"

"మనదే" అన్నాను.

ఆయన ఫోన్ తిరిగి ఇవ్వలేదు. ఇంకాసేపు చూస్తూ కూర్చున్నారు.